జీపులో పెళ్ళిచూపులు

కెర్తి సురబాయ మనిషి కాదు. ఆ మాటకొస్తే సముద్రం దాటి ఆ ఊరు చూసిన పాపాన కూడా పోలేదు. అయినా ఆ చీకటి వేళ, బతూర్ కొండ కింద జీపులు బారులు తీరిన మైదానంలో నిలబడి, "సురబాయ నుంచి వచ్చామండీ. నా పేరు హర్తాతి" అని టికెట్లిచ్చే మనిషికి తడుముకోకుండా చెప్పేసింది. పక్కనే ఆమె తోడికోడలు ముర్ని, దుప్పటి ముసుగులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, "అవునవును, సురబాయే" అని అడక్కుండానే వత్తాసు పలికింది. అబద్ధం ఒకళ్ళు ఆడితే నిలబడుతుంది గానీ, ఇద్దరు కలిసి ఆడితే తూలడం మొదలుపెడుతుంది. టికెట్ల మనిషి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, చేత్తో ఓ ఆకుపచ్చ జీపు వైపు చూపించాడు.

కెర్తికి సూర్యోదయంతో పనిలేదు. తెజకుల తీరంలో ఉప్పు మళ్ళ దగ్గర ఆమె రోజూ చూసే సూర్యుడే ఇక్కడా వస్తాడు, పైగా అక్కడ టికెట్టు లేదు. ఆమె వచ్చింది ఆ ఆకుపచ్చ జీపు నడిపే పిల్లని చూడటానికి. వీలైతే ఆ పిల్ల చేతుల్లోంచి తన కొడుకుని విడిపించుకుపోవడానికి.

కొడుకు పేరు దార్త. ఒక్కడే. తండ్రి పోయాక ఉప్పు పని వాడే చూసుకుంటున్నాడు. ఉప్పూ ఎండుచేపలూ బండిలో వేసుకుని కొండెక్కి, సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళలో అమ్ముకుని వస్తుంటాడు. అక్కడే ఈ రెస్మిని అనే పిల్ల కనబడింది. కనబడిన దగ్గర్నుంచీ ఎండుచేపలు అమ్ముడుపోయినా పోకపోయినా వాడు కొండెక్కుతూనే ఉన్నాడు. కెర్తి కనిపెట్టి నిలదీస్తే అప్పుడు చెప్పాడు: "వాళ్ళ నాన్నకి ఒక్కతే కూతురమ్మా. నన్ను ఇల్లరికం అడుగుతున్నారు."

ఇల్లరికం అంటే ఈ దీవిలో అత్తారింట్లో కూర్చుని పప్పన్నం తినడం కాదు. ఆ పెళ్ళిలో పిల్లే పెళ్ళికొడుకు, పిల్లాడే పెళ్ళికూతురు. పిల్లాడు తన ఇంటి గుడి ముందు కూర్చుని తాతముత్తాతల దగ్గర సెలవు తీసుకోవాలి. ఆడపిల్లకి చేసినట్టే అప్పగింతలు చేస్తారు. ఆ తర్వాత వాడు అక్కడి వాళ్ళకి వారసుడు, ఇక్కడి వాళ్ళకి చుట్టం. అమ్మ పోతే వచ్చి ఏడుస్తాడు గానీ, ముందు నిలబడి కర్మ జరిపించాల్సింది వేరేవాళ్ళు.

కెర్తి మరిదికి, అంటే ముర్ని మొగుడికి, ఇద్దరు కొడుకులు. కాబట్టి వంశానికీ ఇంటి గుడికీ వచ్చిన లోటు లేదు. లోటల్లా కెర్తికే. దార్త వెళ్ళిపోతే ఆ వాకిట్లో ఆమె గదీ, ఆమె పొయ్యీ, ఆమే మిగులుతాయి. కొడుకు లేని విధవని మరిది వాకిట్లో ఎలా చూస్తారో ఆమెకి తెలుసు. తిండి పెడతారు, తిట్టరు కూడా. కానీ ఏ పనికీ ముందుగా ఆమెని అడగరు.

"నువ్వు వద్దంటే వెళ్ళనమ్మా" అన్నాడు దార్త. ఎదురు తిరిగి అరిచినా బాగుండేది, తనూ అరిచేది. ఈ మాట అని వాడు ఉప్పు గంపలు సర్దుకుంటూ కూర్చున్నాడు. అప్పట్నుంచీ వేళకి తింటున్నాడు, పని చేస్తున్నాడు, నవ్వడం ఒక్కటే మానేశాడు. దాంతో కెర్తికి నిద్ర పట్టడం మానేసింది. ముర్ని పెద్దకొడుకుని బతిమాలి, ఫోన్లో ఆ పిల్ల నడిపే జీపే కావాలని అడిగించి, వాడి కూరగాయల వ్యానులోనే కొండెక్కి వచ్చింది. దార్తకి చెప్పలేదు.

రెస్మిని అప్పటికే జీపు ముందు నిలబడి, కొబ్బరాకు దొన్నెలో పూలు పెట్టి, బానెట్ మీద అగరొత్తి వెలిగిస్తోంది. మందపాటి కోటు, చెవులు మూసే టోపీ. బొమ్మలాంటి పిల్ల కాదు. ముఖం గుండ్రంగా, ఎండకీ చలికీ కమిలి ఉంది. 'అందానికి పడిపోయాడనుకున్నా, అదీ లేదు' అనుకుంది కెర్తి, కాస్త నిరాశగానే. అందం మీద నెపం పెట్టడం తేలిక.

పక్క జీపులోంచి ఒకతను అరిచాడు. "ఏం రెస్మినీ! ఇవాళ అమ్మమ్మల జాతరా? బండి మెల్లిగా పోనీ, పళ్ళసెట్లు జారిపోతాయ్!"

"నీ బండి ముందు స్టార్టవనీ అన్నా, అప్పుడు మాట్లాడుకుందాం. నిన్న తోసింది నేనేగా?" అంది రెస్మిని, అగరొత్తి మీంచి చూపు తిప్పకుండానే. చుట్టూ ఉన్న డ్రైవర్లు గొల్లున నవ్వారు.

నోరు పెద్దది. కెర్తి మనసులో ఒకటి రాసుకుంది.

"రండమ్మగారూ, జాగ్రత్తగా ఎక్కండి. ఈ కడ్డీ పట్టుకోండి. మీరు లోపలి వైపు కూర్చోండి పిన్నిగారూ, గాలి తగలదు" అంటూ ఇద్దర్నీ ఎక్కించి, తన సీటు కింద నుంచి ఓ కంబళి తీసి కెర్తి మోకాళ్ళ మీద కప్పింది. కెర్తి థాంక్స్ చెప్పలేదు. కంబళి మాత్రం తీసెయ్యలేదు.

జీపు ఇసుక దారిలో పైకెక్కింది. ముందర బండ్ల ఎర్రదీపాలు, వాటి వెనక లేచే నల్లటి దుమ్ము తప్ప ఏమీ కనబడటం లేదు. ఓ మలుపులో బండి ఒక పక్కకి ఒరిగేసరికి ముర్ని గుండెలు బాదుకుంది. "ఓరి దేవుడో! తాతల్లారా! కాపాడండి!" అని తెజకుల యాసలో, అచ్చమైన ఊరి భాషలో కేక పెట్టింది. కెర్తి ఆమె తొడ పట్టి గిల్లింది.

"సురబాయలో కూడా ఇలాగే అంటామమ్మాయ్" అంది ముర్ని, తేరుకుని.

"అంటారండీ, ఎందుకనరు" అంది రెస్మిని, అద్దంలోకి చూడకుండా.

కెర్తి తప్పులు వెతకడం మానలేదు. దూకుడుగా నడుపుతుందేమో అనుకుంది, అదేం లేదు. గుంట వచ్చే ముందే "పట్టుకోండమ్మా" అని చెబుతోంది. ఎదురుగా ఓ బండి ఇసుకలో కూరుకుపోతే దిగి, పలకలు వేయించి, ఇందాక తనని వెక్కిరించినవాడి బండి అయినా సరే వెనక నుంచి తోసి వచ్చింది. చేతులు కోటుకి తుడుచుకుంది. ఆ ఒక్కటీ బాగాలేదని కెర్తి అనుకుంది గానీ, కోటు ఉన్నది ఎందుకు మరి అని తనకే అనిపించింది.

పైన చదునులో జీపులన్నీ కొండ అంచున వరసగా ఆగాయి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో బండ్ల మీదకెక్కి ఫోటోలు దిగుతున్నారు. రెస్మిని ఫ్లాస్కులోంచి కాఫీ వంచి, ఉడికించిన గుడ్లూ అరటిపండు పెట్టిన రొట్టెలూ ఆకులో పెట్టి ఇచ్చింది. తూర్పున అబంగ్ కొండ భుజం మీదుగా ఆకాశం తెల్లబడుతోంది. కింద సరస్సు మీద మంచు దట్టంగా పరుచుకుని ఉంది.

కెర్తి ఈ కొండకి కొత్త కాదు. ముర్నికి తప్ప ఇక్కడ ఎవరికీ తెలియని సంగతి అది. ఆ మంచు కింద, సరస్సు ఒడ్డున సొంగన్ ఉంది. ఆమె పుట్టిన ఊరు. ఈ వాలు మీదే చిన్నప్పుడు గడ్డి కోసింది. ఇక్కడికి ఉప్పు అమ్ముకోవడానికి వచ్చిన కుర్రవాడి వెంటే సముద్రం దగ్గరికి దిగిపోయింది. ఆమె కూడా వాళ్ళ నాన్నకి ఒక్కతే కూతురు. తల్లి అప్పటికే లేదు. "వెళ్ళు తల్లీ, నాకేం? ఉల్లి మళ్ళున్నాయ్, సరస్సులో చేపలున్నాయ్" అన్నాడు నాన్న, నవ్వుతూ. కెర్తి నమ్మింది. నమ్మడం తేలిక గనుక నమ్మింది. ఆయన పోయాక ఇంటి స్థలం ఆచారం ప్రకారం ఊరి ఉమ్మడిలో కలిసిపోయింది. గుడి మిగిలింది, దీపం పెట్టేవాళ్ళు లేరు. ఆ సిగ్గుతోనే ఆమె మళ్ళీ ఈ కొండ ఎక్కలేదు. ఏటా పండగ రోజున పూలూ పళ్ళూ ఇచ్చి దార్తని పంపేది. అలా పంపబట్టే వాడికి ఈ దారి తెలిసింది, ఈ పిల్ల తెలిసింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

కాఫీ వేడికి ప్రాణం లేచొచ్చింది. కెర్తి గుడ్డు ఒలిచి, చిన్న ముక్క తుంచి పక్కనున్న రాతి మీద పెట్టింది. నడుముకి కట్టిన గుడ్డ కొస ముడి విప్పి, చిటికెడు ఉప్పు తీసి దాని మీద వేసింది. భూమికి పెట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఆమెకి అలవాటు లేదు. ముడి మళ్ళీ బిగించుకుంటుండగా గుర్తొచ్చింది, తను సురబాయ హర్తాతి అని. గబుక్కున తలెత్తింది. రెస్మిని సరస్సు వైపు చూస్తూ నిలబడి ఉంది.

చూడలేదులే అనుకుని కెర్తి గుడ్డు తినేసింది.

ముర్నికి మాత్రం వచ్చిన పని గుర్తుంది. "అమ్మాయ్, పెళ్ళయిందా నీకు?"

"ఇంకా లేదండీ."

"ఏం? ఇంత చక్కగా బండి తోలుతావు, ఎవరూ దొరకలేదా?"

"దొరికాడండీ. వాళ్ళమ్మకి ఒక్కడే కొడుకు."

"అయితే నువ్వే వెళ్ళొచ్చుగా? ఆడపిల్ల వెళ్ళడం లోకంలో ఉన్నదే."

"మా నాన్నకి నేనూ ఒక్కదాన్నే పిన్నిగారూ."

"మీ నాన్న పంపనన్నాడా?"

రెస్మిని నవ్వింది. "అయ్యో, ఆయన రోజూ వెళ్ళమనే అంటాడండీ. 'నాకేంటే, మోకాళ్ళు బాగుంటే నేనే నీకంటే ముందు సముద్రానికి వెళ్ళి కూర్చునేవాణ్ణి' అంటాడు. నవ్వుతూనే అంటాడు. నేనే నమ్మను."

అప్పుడే సూర్యుడు వచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు, ఎవరో ఈల వేశారు. మంచు అంచుల దగ్గర విడిపోయి, సరస్సు ఒడ్డున ఉల్లి మళ్ళు ఆకుపచ్చగా బయటపడ్డాయి. ముర్ని "అక్కా, చూడవే, ఎంత బావుందో" అంటూ భుజం కుదుపుతోంది. కెర్తికి 'నేనే నమ్మను' అన్న ఆ పిల్ల మాటే చెవిలో తిరుగుతోంది. తనకి ఆ వయసులో ఆ మాట ఎందుకు తోచలేదా అని, వయసు మళ్ళాక, పరాయి పేరు పెట్టుకుని వచ్చిన చోట ఆమె మొదటిసారి ఆలోచించింది.

దిగేటప్పుడు జీపు నల్లరాళ్ళ మధ్య నుంచి వచ్చింది. కొండ ఎప్పుడో కక్కిన నిప్పంతా గడ్డకట్టి మైళ్ళ పొడుగునా పడి ఉంది. రాళ్ళు దాటి సరస్సు గట్టు దారి పట్టాక, రెస్మిని బండి నెమ్మది చేసింది.

"అమ్మగారూ, ఒక్క నిమిషం ఆపుకోవచ్చా? రోజూ ఆగే చోటు. మీకు ఇబ్బంది లేకపోతేనే."

"ఆపు తల్లీ, ఆపు. నా నడుం కూడా ఓ నిమిషం ఆగమంటోంది" అంది ముర్ని.

జీపు ఆగింది. కెర్తి అటు చూసి, పట్టుకున్న కడ్డీ వదల్లేకపోయింది. గోడ సగం కూలిపోయింది. వాకిలంతా ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి. వెనకాల, మూలన, మూడు రాతి మెట్లు, వాటి పైన గడ్డి కప్పు వేసిన చిన్న గుడి. ఆ గడ్డి కప్పు కొత్తది. మెట్లు ఊడ్చి ఉన్నాయి. తన నాన్న ఇంటి గుడి.

రెస్మిని సీటు కింద నుంచి చీపురూ పూల దొన్నెలూ తీసుకుని దిగింది. ఉల్లిపాయల మధ్య అడుగులు చూసుకుని వేస్తూ వెళ్ళి, మెట్ల మీద రాత్రి రాలిన ఆకులు ఊడ్చింది.

"ఎవరిదమ్మాయ్ ఈ ఇల్లు? మీవాళ్ళదా?" ముర్ని జీపులోంచే అడిగింది. పాపం, కెర్తి పుట్టిల్లు ఇదేనని ఆమెకి నిజంగానే తెలియదు.

"కాదండీ. ఇక్కడి ఆడపిల్ల సముద్రం వైపు వెళ్ళిపోయిందట. ఏడాదికోసారి ఆమె కొడుకు వచ్చి పెట్టి వెళ్ళేవాడు. మొదటిసారి చూసినప్పుడే దెబ్బలాడాను. ఇంట్లో కోడికి రోజూ మేత వేస్తావు, తాతకి ఏడాదికోసారా అని. వాడు తెల్లమొహం వేశాడు. 'నేనుండేది కింద కదా, ఏం చెయ్యను' అన్నాడు. సరే, ఊరి పెద్దల్ని అడిగి ఆ రోజు నుంచి నేనే పెడుతున్నా. ఎలాగూ రోజూ ఇటే వస్తాగా." ఊడుస్తూనే చెబుతోంది. "ఈ ఉల్లిపాయల ఆసామితో కూడా దెబ్బలాడాల్సి వచ్చిందండీ. మెట్ల మీద కూడా ఆరబోసేవాడు. నా నోటికి జడిసి వాకిటి వరకే ఉంచాడు."

ముర్నికి అప్పుడు అర్థమయింది. నోరు తెరిచి, కెర్తి ముఖం చూసి, మూసుకుంది. ఆమె నోరు దానంతటదే మూసుకోవడం ఆ ఇంటి కోడలయ్యాక అదే మొదటిసారి.

కెర్తి జీపు దిగింది. వాకిట్లోకి వెళ్ళి, "నేనొకటి పెట్టొచ్చా?" అంది.

రెస్మిని ఎందుకని అడగలేదు. ఒక దొన్నె ఆమె చేతిలో పెట్టి, అగరొత్తి వెలిగించి ఇచ్చి, "టైరులో గాలి చూసుకోవాలండీ" అంటూ బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

కెర్తి మెట్ల దగ్గర కూర్చుంది. నాన్నకి చెప్పాలనుకుని ఇన్నేళ్ళు దాచుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "వచ్చాను" అంది అంతే. ఆ తర్వాత తలవంచుకుని ఏడ్చింది. సిగ్గుకి ఏడ్చింది. తను చెయ్యాల్సిన పని ఎవరో పరాయి పిల్ల రోజూ చేస్తోందని తెలియకుండా, ఆ పిల్లనే తప్పుబట్టడానికి దొంగపేరుతో బయల్దేరి వచ్చినందుకు ఏడ్చింది. పూలు పెట్టి, నీళ్ళు చిలకరించి లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

జీపు మళ్ళీ కదిలి సరస్సు గట్టు వెంట సాగింది. వేడినీటి కొలనుల దగ్గర బండి ఆగగానే ముర్ని, "నేను ఈతకి పోతున్నా. వచ్చేసరికి ఆలస్యమవుతుంది. చాలా ఆలస్యమవుతుంది" అని చెప్పి, టికెట్టు పట్టుకుని, తెల్లవాళ్ళు మునుగుతున్న పెద్ద కొలను వైపు వెళ్ళిపోయింది.

"మీరు కూడా వెళ్ళండమ్మగారూ. ఒళ్ళు నొప్పులు పోతాయి" అంది రెస్మిని.

"నాకు ఆ నీలం పలకల కొలను వద్దు. ఊరివాళ్ళు స్నానం చేసే ఊట ఉంటుందిగా, గట్టు కింద? అక్కడికి పద. నువ్వూ రా."

ఊరి ఊట అంటే రాళ్ళు పేర్చిన మడుగు. వేడినీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఉబికి, పొగలు కక్కుతూ సరస్సులోకి పారుతుంటాయి. ఆ వేళకి ఎవరూ లేరు. ఇద్దరూ బట్ట మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. వెచ్చదనం పిక్కల్లోకి ఎక్కింది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది కెర్తి.

"ఉప్పు దగ్గరమ్మా." రెస్మిని తల వంచుకునే చెప్పింది. "భూమికి ముక్క పెట్టడం ఈ దీవిలో అందరూ చేసేదే, సురబాయ వాళ్ళు తప్ప. కానీ నడుం గుడ్డకి ఉప్పు ముడేసుకుని తిరిగేవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. ముడి కూడా అదే ముడి, రెండు మెలికలు."

"నేనే నేర్పాను వాడికి."

"చెప్పాడు."

"తెలిసే అక్కడ ఆపావా? నాకు చూపించాలనా?"

రెస్మిని కాలి వేలితో నీళ్ళు కదిపింది. "ఆపకూడదనే అనుకున్నానమ్మా. మీ ఎదుట చేస్తే చూపించుకోవడానికి చేసినట్టుంటుందని. గేరు మార్చి ముందుకి పోబోయాను కూడా. తీరా మీకోసం మానేస్తే ఆ ముసలాయన ఇవాళ పస్తు. అది బావుండదనిపించింది."

కెర్తి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అబద్ధం వెతికింది, దొరకలేదు. పొద్దుట్నుంచీ అదే వరస.

"నేనెందుకు వచ్చానో చెప్పనా? వాణ్ణి వదిలెయ్యమని అడగడానికి."

"అనుకున్నానమ్మా."

"అడిగితే వదిలేస్తావా?"

"వదిలేస్తాను. 'మీ అమ్మ మనస్ఫూర్తిగా సరేనంటే తప్ప నా కోసం కొండ ఎక్కొద్దు' అని దార్తకి చెప్పేశాను. లాక్కొచ్చినవాడితో నేనెలా కాపురం చెయ్యను?"

"వదిలేసి ఏం చేస్తావ్?"

"ఏడుస్తా." ఆ పిల్ల నిజంగానే ఆలోచించి చెబుతున్నట్టు చెప్పింది. "తర్వాత బండి తీస్తా. నాన్నకి మాత్రం తెలియనివ్వను. ఆయన వల్లే అనుకుంటాడు."

'నాతో కిందకి వచ్చెయ్యొచ్చుగా? సముద్రం దగ్గర కూడా జీపులు తిరుగుతాయి. నేను వెళ్ళలేదా ఇక్కణ్ణుంచి?' అని కూడా అడగాలనుకునే కెర్తి తెజకులలో బయల్దేరింది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ కాసేపటి కింద చూసిన వాకిలి కళ్ళలోనే ఉంది. ఆ వాకిట్లో కూర్చుని ఆ ప్రశ్న అడగగలిగితే ఇక్కడా అడగొచ్చు. అడగలేదు.

కెర్తి దోసిట్లో వేడినీళ్ళు తీసుకుని ముఖం కడుక్కుంది. రెండుసార్లు, మూడుసార్లు కడుక్కుంది. దార్త లేని వాకిలి ఎలా ఉంటుందో ఊహించుకోబోయింది. పొద్దున ఉప్పు గంపల చప్పుడు ఉండదు. చేప వేయిస్తే ఒక్క చేప చాలు. భయం వేసింది. పొద్దున ఎంత భయం ఉందో ఇప్పుడూ అంతే ఉంది, వీసమెత్తు తగ్గలేదు. అయినా నోరు తెరిచింది.

"మా మరిదికి ఇద్దరు కొడుకులు. మా ఇంటి గుడికి చీపురు పట్టే చేతులకి కరువు లేదు. మీ నాన్న తర్వాత మీ ఇంట్లో ఎవరున్నారు? ఉల్లిపాయలా?"

రెస్మిని చప్పున తల తిప్పింది.

"నన్నలా చూడకు. నాకు ధైర్యం చాలదు" అంది కెర్తి. "విను. ఇల్లరికం అంటే పిల్లాణ్ణి అడగడానికి మీరే మా గడప ఎక్కాలి. మేం రాం. పెద్దమనుషుల్ని నలుగుర్ని తీసుకుని రా. మీ నాన్నని కూడా తీసుకురా. మోకాళ్ళని వంక చెబితే నేనొప్పుకోను, జీపుందిగా."

"అమ్మా..."

"ఆగు, ఇంకా చెప్పనీ. నన్ను కంగారు పెట్టకు, మళ్ళీ నోరు రాదు." కెర్తి ఆ పిల్లని కోటు పట్టుకుని కాస్త దగ్గరికి లాక్కుంది. వేడినీటి పొగలో ఇద్దరి ముఖాలూ తడిగా ఉన్నాయి. "మీరొచ్చి కూర్చుని అడిగాక నేను ఇవ్వనంటాను. ముందే చెబుతున్నా. వాడు ఎదురుగా ఉంటాడు కదా, వాణ్ణి చూస్తే అదే వస్తుంది నా నోట్లోంచి. పెద్దగా ఏడుస్తానేమో కూడా. మీ పెద్దమనుషులు లేచిపోదాం పదండి అంటారు."

"అంటే?"

"లేవొద్దు. వాళ్ళని కూర్చోబెట్టు. ముర్ని కాఫీ ఇస్తుంది, నిదానంగా తాగండి. తాగి, నువ్వు మళ్ళీ అడుగు."